అర్థశాస్త్ర పట్టా - ఉపాధ్యాయ శిక్షణ (నిజామాబాదు జిల్లా)

అర్థశాస్త్ర పట్టా - ఉపాధ్యాయ శిక్షణ అనేది డిగ్రీలో అర్థశాస్త్రాన్ని ఒక ప్రధాన విషయంగా చదివి, దానికి బి.ఎడ్. వంటి ఉపాధ్యాయ శిక్షణను జోడించి పాఠశాల ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించే విద్యామార్గం. తెలంగాణ రాష్ట్రంలోని నిజామాబాదు జిల్లాలో, ముఖ్యంగా నిజామాబాదు పట్టణంలోనూ బోధన్ చుట్టుపక్కల చెరకు ప్రాంతంలోనూ, ఇంటర్మీడియట్‌లో హెచ్.ఇ.సి. లేదా సి.ఇ.సి. చదివిన విద్యార్థులకు అందుబాటులో ఉన్న ముఖ్యమైన ఉద్యోగ మార్గాలలో ఇది ఒకటి. అయితే పదవ తరగతి వరకు అర్థశాస్త్రం విడి పాఠ్యవిషయం కాదు. అది సాంఘిక శాస్త్రంలో ఒక భాగం మాత్రమే. అందువలన అర్థశాస్త్రంతో పాటు డిగ్రీలో చదివే ఇతర విషయాలు ఏవి అన్నదానిపైనే అభ్యర్థి ఏ ఉద్యోగానికి అర్హుడో చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ప్రాంత నేపథ్యం

మంజీరా నదిపై 1923-1931 మధ్యకాలంలో నిర్మించబడిన నిజాంసాగర్ ప్రాజెక్టు వలన బోధన్, బాన్సువాడ, వర్ని, కోటగిరి ప్రాంతాలకు కాలువ నీరు లభించింది. ఈ నీటిని ఆధారం చేసుకొని బోధన్ వద్ద 1937లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడింది. కర్మాగారం చుట్టూ ఏర్పడిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు. కోస్తా ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కాలువల వెంట భూములు కొని స్థిరపడిన ఊళ్ళను ఇప్పటికీ "క్యాంపు"లనే పిలుస్తారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరుపొందిన ఈ సంస్థలో 2002లో 51 శాతం వాటా ప్రైవేటు రంగానికి అప్పగించబడింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. 2019లో సంస్థ ఆస్తుల పరిసమాప్తికి జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్ ఆదేశించింది. పునరుద్ధరణ అంశాన్ని పరిశీలించడానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది.

కర్మాగారం ఉన్నంతకాలం ఈ ప్రాంతపు యువకులకు చదువు ముగిసిన తరువాత స్థానికంగా ఒక ఉపాధి అవకాశం ఉండేది. అది పోయిన తరువాత వ్యవసాయం, గల్ఫ్ దేశాలకు వలస, ప్రభుత్వోద్యోగం అనేవి ప్రధానమైన దారులుగా మిగిలాయి. చదువుకున్న ఊరికి దగ్గరలోనే పనిచేసే వీలున్న ఉద్యోగంగా ఉపాధ్యాయ వృత్తికి ఇక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది.

ఉన్నత విద్య విషయంలో ఈ జిల్లా కళాశాలలు చాలాకాలం ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. 2006లో డిచ్‌పల్లి వద్ద తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని పరిధిలోకి వచ్చాయి. నిజామాబాదులోని గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల జిల్లాలో పేరున్న డిగ్రీ కళాశాల. బోధన్, ఆర్మూరులలో కూడా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కలవు. తెలంగాణ విశ్వవిద్యాలయానికి చెందిన విద్యా కళాశాల నిజామాబాదు సమీపంలోని సారంగపూర్‌లో ఉన్నది. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) నిజామాబాదులో ఉన్నది.

పాఠశాల విద్యలో అర్థశాస్త్రం

రాష్ట్ర ప్రణాళికలో చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి సాంఘిక శాస్త్రం అనే ఒకే విషయంగా బోధిస్తారు. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ రూపొందించిన పదవ తరగతి పాఠ్యపుస్తకంలో అభివృద్ధి భావనలు, ఉత్పత్తి - ఉపాధి, ఒక గ్రామ ఆర్థిక వ్యవస్థ, ప్రపంచీకరణ, ఆహార భద్రత వంటి పాఠాలు చోటు చేసుకున్నాయి. వీటిని బోధించే ఉపాధ్యాయుడే మొదటి ప్రపంచ యుద్ధాన్ని, భారతదేశ నైసర్గిక స్వరూపాన్ని, రాజ్యాంగ నిర్మాణాన్ని కూడా బోధించవలసి ఉంటుంది. పాఠశాలలో "అర్థశాస్త్ర ఉపాధ్యాయుడు" అనే పదవి లేదు. ఉన్నది స్కూల్ అసిస్టెంట్ (సాంఘిక శాస్త్రం) పదవి.

అర్థశాస్త్రం విడి విషయంగా మొదలయ్యేది ఇంటర్మీడియట్‌లోనే. అక్కడ బోధించే జూనియర్ లెక్చరర్ పదవికి స్నాతకోత్తర పట్టా అవసరం.

డిగ్రీ స్థాయి

ఈ మార్గంలో సాధారణంగా ఎంచుకునే పట్టా బి.ఎ. చరిత్ర - అర్థశాస్త్రం - రాజనీతిశాస్త్రం (హెచ్.ఇ.పి.), అర్థశాస్త్రం - ప్రభుత్వ పాలన - రాజనీతిశాస్త్రం (ఇ.పి.పి.) అనేవి చిరకాలంగా ఉన్న కూర్పులు. కొన్ని కళాశాలలలో గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ అప్లికేషన్లతో కూడిన కూర్పులు కూడా ఉంటాయి. 2016 నుంచి రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు "దోస్త్" అనే ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. అదే సంవత్సరం నుంచి సెమిస్టర్ పద్ధతి, విషయాలను ఎంచుకునే స్వేచ్ఛ పెరిగాయి. ఈ స్వేచ్ఛ వలన విద్యార్థి తన కూర్పు భవిష్యత్తులో ఏ ఉద్యోగానికి సరిపోతుందో ముందుగానే చూసుకోవలసిన అవసరం కూడా పెరిగింది.

మొదటి రెండు సంవత్సరాలలో సూక్ష్మ అర్థశాస్త్రం, స్థూల అర్థశాస్త్రం, చివరి సంవత్సరంలో భారత ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఆర్థిక వ్యవస్థ వంటి అంశాలు సాధారణంగా ఉంటాయి. తెలుగు మాధ్యమ విద్యార్థులకు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పుస్తకాలు ప్రధాన ఆధారం. ఉపాంత ప్రయోజనం, డిమాండు వ్యాకోచత్వం, అవకాశ వ్యయం, ప్రచ్ఛన్న నిరుద్యోగం వంటి పారిభాషిక పదాలను విద్యార్థిలోకానికి అలవాటు చేసినవి ఈ పుస్తకాలే.

ఉపాధ్యాయ శిక్షణ

పట్టాను, శిక్షణను కలిపే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదట పట్టా పూర్తిచేసి తరువాత శిక్షణ పొందడం వరుస పద్ధతి. రెండింటినీ ఒకే కోర్సులో చదవడం సమీకృత పద్ధతి.

వరుస పద్ధతి - బి.ఎడ్.

జిల్లాలో ఎక్కువమంది అనుసరించేది ఈ పద్ధతినే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో జారీ చేసిన నిబంధనల ప్రకారం అంతకుముందు ఒక సంవత్సరం ఉన్న బి.ఎడ్. రెండు సంవత్సరాలయింది. బి.ఎ. మూడేళ్ళతో కలిపి మొత్తం ఐదేళ్ళు పడుతుంది. ప్రవేశం ఎడ్‌సెట్ ద్వారా జరుగుతుంది. డిగ్రీలో సాధారణంగా 50 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషను వర్గాలకు 40 శాతం చాలు.

2021 నుంచి ఎడ్‌సెట్‌లో అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉన్నది. 150 ప్రశ్నలలో గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘిక శాస్త్రం ఒక్కొక్కదానికి 20 చొప్పున 60, బోధనా సామర్థ్యానికి 20, ఆంగ్లానికి 20, సాధారణ జ్ఞానం - విద్యాంశాలకు 30, కంప్యూటర్ పరిజ్ఞానానికి 20 ప్రశ్నలు కేటాయించారు. అంటే అర్థశాస్త్ర పట్టభద్రుడు తాను పదవ తరగతి తరువాత వదిలివేసిన గణితాన్ని, విజ్ఞానశాస్త్రాన్ని మళ్ళీ చదవవలసి ఉంటుంది.

కోర్సులో బాల్యవికాసం, విద్యా మనోవిజ్ఞానం, విద్యా తాత్విక - సామాజిక పునాదులు, మూల్యాంకనం, సాంఘిక శాస్త్ర బోధనా పద్ధతులు ముఖ్యమైనవి. సూక్ష్మబోధన ద్వారా ప్రశ్నించడం, వివరించడం, నల్లబల్లను వాడడం వంటి నైపుణ్యాలను విడివిడిగా సాధన చేయిస్తారు. రెండు సంవత్సరాలలో కలిపి కనీసం 20 వారాలు పాఠశాలలో గడపాలి. శిక్షణలో అన్నిటికంటె కీలకమైనది ఈ భాగమే. పాఠ్యపథకం రాయడం ఒకటి, నలభైమంది పిల్లల ముందు దానిని నలభై అయిదు నిమిషాలలో నడపడం మరొకటి.

సమీకృత పద్ధతి

నాలుగేళ్ళ సమీకృత శిక్షణ భారతదేశంలో కొత్తది కాదు. 1963లో అజ్మీరు, భోపాలు, భువనేశ్వరు, మైసూరులలో స్థాపించిన ప్రాంతీయ విద్యా కళాశాలలు దీనిని నిర్వహించాయి. వీటిలో మైసూరులోని సంస్థ తెలంగాణతో సహా దక్షిణాది రాష్ట్రాల విద్యార్థులకు ఉద్దేశించినది. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి నాలుగేళ్ళ సమీకృత బి.ఎడ్.ను ఉపాధ్యాయులకు కనీస అర్హతగా చేయాలని ప్రతిపాదించింది. దీనికి అనుగుణంగా 2021లో సమీకృత ఉపాధ్యాయ విద్యా కార్యక్రమం (ఐటెప్) ప్రకటించబడింది. ఇంటర్మీడియట్ తరువాత జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష (ఎన్‌సెట్) ద్వారా దీనిలో చేరవచ్చును. తెలంగాణలో హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, వరంగల్లులోని ఎన్.ఐ.టి. ఈ కార్యక్రమాన్ని చేపట్టిన సంస్థలలో ఉన్నాయి. వీటిలో వరంగల్లులోనిది బి.ఎస్సీ. - బి.ఎడ్. కోర్సు.

ఈ పద్ధతిలో ఒక సంవత్సరం ఆదా అవుతుంది. కాని పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులోనే వృత్తిని నిర్ణయించుకోవాలి. వరుస పద్ధతిలో డిగ్రీ పూర్తయ్యేవరకు బ్యాంకు ఉద్యోగం, ఎం.ఎ., గ్రూపు పరీక్షలు వంటి ఇతర మార్గాలు తెరచి ఉంటాయి.

అర్హత పరీక్ష, నియామకాలు

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టాన్ని అనుసరించి, ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు బోధించడానికి ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) తప్పనిసరి అయింది. సాంఘిక శాస్త్ర అభ్యర్థులు రెండవ పేపరు రాయాలి. దీనిలో 150 మార్కులకు గాను శిశువికాసానికి 30, రెండు భాషలకు 30 చొప్పున, సాంఘిక శాస్త్రానికి 60 మార్కులుంటాయి. ఈ 60లో 48 విషయ పరిజ్ఞానానికి, 12 బోధనా పద్ధతులకు చెందినవి. ఉత్తీర్ణతకు ఇతర వర్గాలకు 60 శాతం, వెనుకబడిన వర్గాలకు 50 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలకు 40 శాతం మార్కులు కావాలి.

ప్రభుత్వ పాఠశాలలలో నియామకం డీఎస్సీ ద్వారా జరుగుతుంది. 2024 డీఎస్సీలో రాష్ట్రవ్యాప్తంగా 11,062 పోస్టులు ప్రకటించగా, వాటిలో స్కూల్ అసిస్టెంటు పోస్టులు అన్ని విషయాలకు కలిపి 2,629 మాత్రమే. సెకండరీ గ్రేడు (ఎస్.జి.టి.) పోస్టులు 6,508. స్కూల్ అసిస్టెంటు పరీక్ష 80 మార్కులకు జరిగింది. మిగిలిన 20 మార్కులు టెట్ ఫలితం నుంచి లెక్కించారు. పరీక్షలో విషయ పరిజ్ఞానానికి 44, బోధనా పద్ధతులకు 16, విద్యా దృక్పథాలకు 10, సాధారణ జ్ఞానానికి 10 మార్కులు కేటాయించారు. ఈ పోస్టులలో 95 శాతం జిల్లా స్థానికులకే కేటాయించబడ్డాయి.

పోస్టులు ఎక్కువగా ఉండే ఎస్.జి.టి. విభాగం బి.ఎడ్. పట్టభద్రులకు ఇప్పుడు అందుబాటులో లేదు. ప్రాథమిక తరగతుల బోధనకు బి.ఎడ్. అర్హత చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఈ పోస్టులకు ఇంటర్మీడియట్ తరువాత రెండేళ్ళ డి.ఎల్.ఎడ్. చదివి ఉండాలి. అందువలన ఖచ్చితంగా ఉపాధ్యాయుడే కావాలనుకునే విద్యార్థి ఇంటర్ తరువాత డీసెట్ రాసి డైట్‌లో చేరడం, ఆ తరువాత బి.ఎ. చేయడం కూడా ఆలోచించదగిన మార్గం.

విషయాల కూర్పు ప్రాముఖ్యం

ఒకే అర్థశాస్త్రం చదివినా, దానికి తోడుగా ఉన్న విషయాలను బట్టి అర్హతలు మారుతాయి.

* స్కూల్ అసిస్టెంట్ (సాంఘిక శాస్త్రం): డిగ్రీలో సాంఘిక శాస్త్రాలకు చెందిన కనీసం రెండు విషయాలు, బి.ఎడ్.లో సాంఘిక శాస్త్ర బోధనా పద్ధతి ఉండాలి. హెచ్.ఇ.పి., ఇ.పి.పి. రెండూ దీనికి సరిపోతాయి. అర్థశాస్త్రానికి తోడు గణితం, గణాంకశాస్త్రం మాత్రమే చదివినవారికి రెండవ సాంఘిక శాస్త్ర విషయం లేనందున చిక్కు వస్తుంది.
* కేంద్రీయ విద్యాలయ టి.జి.టి. (సాంఘిక శాస్త్రం): చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలలో రెండు ఉండాలి. వాటిలో ఒకటి చరిత్ర గాని భూగోళం గాని కావాలి. కనుక హెచ్.ఇ.పి. పట్టభద్రుడు అర్హుడు, ఇ.పి.పి. పట్టభద్రుడు అనర్హుడు.
* కేంద్రీయ విద్యాలయ పి.జి.టి. (అర్థశాస్త్రం): 50 శాతం మార్కులతో ఎం.ఎ. అర్థశాస్త్రం, బి.ఎడ్. రెండూ ఉండాలి. పదకొండు, పన్నెండు తరగతులకు బోధిస్తారు.
* ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ (అర్థశాస్త్రం): ఎం.ఎ. అర్థశాస్త్రం కావాలి. బి.ఎడ్. అవసరం లేదు.

ఒక అక్షరం తేడాతో కనిపించే రెండు కూర్పులలో ఒకటి కేంద్ర విద్యాలయాల తలుపు తెరుస్తుంది, మరొకటి మూస్తుంది. డిగ్రీలో చేరే రోజున ఈ సంగతి తెలియకపోతే మూడేళ్ళ తరువాత సరిదిద్దుకోవడం కష్టం.

2020 వేతన సవరణ ప్రకారం రాష్ట్రంలో ఎస్.జి.టి. మూలవేతన శ్రేణి రూ. 31,040 - 92,050, స్కూల్ అసిస్టెంటు శ్రేణి రూ. 42,300 - 1,15,270.

బోధన్ చెరకు ప్రాంతం నుంచి పాఠాలు

అర్థశాస్త్రం చదివిన ఉపాధ్యాయునికి సాంఘిక శాస్త్ర తరగతిలో ఉండే ప్రత్యేకత, పిల్లలు చూస్తున్న జీవితాన్ని భావనలతో కలిపి చెప్పగలగడం. దీనికి బోధన్ ప్రాంతంలో ఉదాహరణలకు కొదవ లేదు.

ధర నిర్ణయం: చెరకుకు కేంద్ర ప్రభుత్వం ప్రతి సీజనుకు న్యాయమైన, లాభదాయక ధర (ఎఫ్.ఆర్.పి.) ప్రకటిస్తుంది. 2025-26 సీజనుకు 10.25 శాతం చక్కెర దిగుబడి ప్రాతిపదికగా క్వింటాలుకు రూ. 355 నిర్ణయించారు. దిగుబడి శాతం ప్రతి 0.1 పెరుగుదలకు రూ. 3.46 అదనం. దిగుబడి 10.75 శాతం అయితే ఐదు మెట్లకు రూ. 17.30 చేరి, ధర రూ. 372.30 అవుతుంది. పదవ తరగతి విద్యార్థి చేయగలిగిన ఈ లెక్కలో నాణ్యతకు, ధరకు గల సంబంధం అర్థమవుతుంది.

విపణి స్వరూపం: నరికిన చెరకులో చక్కెర శాతం ఒకటి రెండు రోజులలోనే తగ్గడం మొదలవుతుంది. దానిని నిలవ ఉంచడానికి వీలులేదు, దూరం తరలిస్తే రవాణా ఖర్చు పెరుగుతుంది. కనుక రైతుకు దగ్గరలోని కర్మాగారమే కొనుగోలుదారు. ఒకే కొనుగోలుదారు ఉన్నచోట ప్రభుత్వం ధరను ఎందుకు నిర్ణయిస్తుంది, తోలిన 14 రోజులలో డబ్బు చెల్లించాలనే నియమం ఎందుకు అవసరమయింది అన్న ప్రశ్నలకు ఇక్కడి నుంచే సమాధానం మొదలవుతుంది. ఎండబెట్టి నిలవ ఉంచగల పసుపు విషయంలో పరిస్థితి వేరు. నిజామాబాదు పసుపు మార్కెట్టుకు వచ్చిన రైతు ధర నచ్చకపోతే వేచి ఉండగలడు, అతనికి అప్పు తీర్చే తొందర లేకపోతే. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రంగా ఏర్పడింది. ఈ రెండు పంటలను పోల్చడమే ఒక మంచి పాఠ్యపథకం.

అవకాశ వ్యయం: కర్మాగారం మూతపడిన తరువాత చెరకు రైతులు చాలామంది వరికి మారారు. ఒక ఎకరంలో ఒక పంట వేస్తే వదులుకున్న మరొక పంట ఆదాయమే అవకాశ వ్యయం అని చెప్పడానికి విద్యార్థి ఇంటి పొలమే చాలు.

ఉత్పత్తి - ఉపాధి: ఒక కర్మాగారం ఆగితే జీతాలు మాత్రమే ఆగవు. చెరకు నరికే కూలీలు, బండ్లవారు, మరమ్మతు దుకాణాలు, కిరాణా కొట్లు కూడా దెబ్బతింటాయి. ఒకరి ఖర్చు మరొకరి ఆదాయమనే గుణక భావనను ఇది చూపుతుంది. గల్ఫ్ నుంచి కుటుంబాలు అందుకునే డబ్బు దీనికి వ్యతిరేక దిశలో పనిచేసే ఉదాహరణ.

ఇటువంటి పాఠాలలో ఉపాధ్యాయుడు పాటించవలసిన నియమాలు రెండు. మొదటిది, ప్రైవేటీకరణ వంటి వివాదాస్పద అంశాలలో వాస్తవాలను, అభిప్రాయాలను వేరుచేసి చూపడం. నష్టాలు, చెరకు కొరత, యాజమాన్యం, ప్రభుత్వ విధానం అనే కారణాలపై భిన్న వాదనలు ఉన్నాయి. వాటిని తూచడం విద్యార్థికి నేర్పాలి. రెండవది, తరగతిలో కూర్చున్న పిల్లలలో జీతం పోయిన కార్మికుని బిడ్డ ఉండవచ్చునని మరువకపోవడం. ఏ ఒక్క కుటుంబాన్నీ ఉదాహరణగా నిలబెట్టరాదు.

ఇబ్బందులు

* భాషా మాధ్యమం: 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడింది. తెలుగులో అర్థశాస్త్రం చదివినవారు ఆంగ్లంలో బోధించవలసి వస్తున్నది. బోధన్, నిజామాబాదులలో ఉర్దూ మాధ్యమ పాఠశాలలు కూడా ఉన్నాయి. ఉర్దూలో బి.ఎడ్. చేయదలచినవారికి మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం అవకాశం కల్పిస్తున్నది.
* విషయ విస్తృతి: అర్థశాస్త్రంలో పట్టున్నవారు కూడా భూగోళంలో, ముఖ్యంగా పటాల పఠనంలో వెనుకబడుతుంటారు. ఇంటర్‌లోగాని డిగ్రీలోగాని భూగోళం చదవకపోవడం దీనికి కారణం.
* నియామకాల మధ్య విరామం: ఉమ్మడి రాష్ట్రంలో 2012లో డీఎస్సీ జరగగా, తెలంగాణలో తరువాతి నియామక ప్రకటన 2017లో, ఆ పిమ్మట పరీక్ష 2024లో జరిగాయి. ఈ విరామాలలో బి.ఎడ్. చేసినవారు ప్రైవేటు పాఠశాలలలో తక్కువ జీతాలకు పనిచేయడం, లేదా వృత్తిని వదలడం జరుగుతున్నది. ఈ కాలంలో ఎం.ఎ. పూర్తిచేసినవారికి జూనియర్ లెక్చరర్, పి.జి.టి. అవకాశాలు కూడా కలుస్తాయి.

ఇతర దేశాలలో

ఇంగ్లండులో పట్టా తరువాత సాధారణంగా ఒక సంవత్సరం పి.జి.సి.ఇ. శిక్షణ ఉంటుంది. జర్మనీలో ఉపాధ్యాయ అభ్యర్థి సాధారణంగా రెండు పాఠశాల విషయాలను ఎంచుకొని విశ్వవిద్యాలయంలో చదివి, తరువాత పాఠశాలలో దీర్ఘకాల శిక్షణ పొందుతాడు. ఫిన్లాండులో ఉపాధ్యాయునికి స్నాతకోత్తర పట్టా ఉండాలి. విషయ పరిజ్ఞానం ఒక్కటే చాలదని, బోధనా శిక్షణ ఒక్కటే కూడా చాలదని ఈ పద్ధతులన్నీ అంగీకరిస్తున్నాయి. రెండింటి పాళ్ళు ఎంత ఉండాలన్న విషయంలోనే తేడాలున్నాయి.

ఇవి కూడా చూడండి

* నిజాం చక్కెర కర్మాగారం
* నిజాంసాగర్ ప్రాజెక్టు
* తెలంగాణ విశ్వవిద్యాలయం
* విద్యాహక్కు చట్టం
* తెలుగు అకాడమి